ఎడమ భుజం మీదుగా

మార్లో ఫెర్రీ, ఒహాయో
1994 నవంబరు 7, సోమవారం

గౌరవనీయులైన వెర్నన్ హాల్‌స్టెడ్ గారికి,

మర్యాదకు లోటు రాకూడదు కనుక, మీ ఆరోగ్యమూ మీ శ్రీమతి ఎడ్నాగారి మోకాలూ కుశలమని తలుస్తూ మొదలుపెడుతున్నాను. నా భాషలోని పేదరికాన్ని మన్నించమని కూడా ముందే కోరుతున్నాను. పగలంతా రబ్బరు కర్మాగారంలో అచ్చులు తుడిచి, రాత్రిబడిలో కూర్చుని, నలభై ఒకటో ఏట పట్టా పుచ్చుకున్నవాణ్ణి. పసితనంలో వంటబట్టవలసిన వాక్యం వయసు ముదిరాక వంటబడితే కొత్త చెప్పులాగ కిర్రుమంటుంది. ఆ చప్పుడు వినే మీరు నాకు ‘ప్రొఫెసర్’ అని పేరు పెట్టారు. అయినా నాకున్న భాష ఇదొక్కటే. దీనితోనే మిమ్మల్ని నిలదీయాలి.

పదకొండేళ్ళుగా మిమ్మల్ని ‘నువ్వు’ అన్నాను. ఈ ఉత్తరంలో ‘మీరు’ అంటున్నాను. అది గౌరవం వల్ల కాదని గ్రహించగలరు.

విషయానికి వస్తాను. మన హైస్కూలు ఫుట్‌బాల్ జట్టులో మైదానం అంచు వెంబడి పరుగెత్తి, విసిరిన బంతిని చేతులతో అందుకునే జమారి ఓక్లీకి పదిహేడేళ్ళు. అతని తల్లి లొరెట్టా ఆ బడి భోజనశాలలోనే వడ్డిస్తుంది. చదువూ వసతీ భోజనమూ ఉచితంగా ఇచ్చి అతన్ని తన జట్టులోకి తీసుకోవాలని ఒక విశ్వవిద్యాలయం వేసవిలో అనుకుంది. అక్టోబరు చివరికి వద్దనుకుంది. ఆ కుర్రవాడు చదువుకోవడానికి మరో దారి లేదు. ఆ దారి మళ్ళీ తెరుచుకుంటుందా లేదా అన్నది ఈ గురువారంలోగా తేలుతుంది. అందులో మీరు చేయవలసిన పని ఒకటుంది. అది చెప్పే ముందు మీరు చేసిన పని చెబుతాను.

డోటీ హోటల్లో కిటికీ పక్కనున్న మన శనివారపు బల్లను తలచుకుంటే నాకిప్పుడు వెగటు పుడుతుంది. జన్మలో ఒక్క బంతి సరిగా పట్టనివాళ్ళు వేయించిన బంగాళాదుంపలు నములుతూ, పట్టేవాడి చేతుల మీద తీర్పు చెప్పే న్యాయస్థానం అది. మీరు ముప్పై ఏళ్ళు ఊరికి ఉత్తరాలు పంచారు. ఉద్యోగ విరమణ అయ్యాక పంచడానికి ఇంకేమీ లేక అభిప్రాయాలు పంచుతున్నారు. మంగలి గస్ పాపాస్ సంగతి సరేసరి. ఎవరు కుర్చీలో కూర్చుంటే వాళ్ళ అభిప్రాయమే అతని అభిప్రాయం, ఆ జుట్టు ఊడ్చేసేదాకా.

సెప్టెంబరులో జరిగిన వాదన మీకు గుర్తుండకపోవచ్చు. నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. గస్ అన్నాడు, “వీడు పైకొస్తాడ్రా వెర్న్. ఆ కాళ్ళు చూశావా? లేడి కాళ్ళు!” అని. “కాళ్ళతో పడతాడేంట్రా బంతి? వాడివి చేతులు కావు, పడవ తెడ్లు. తోస్తాయి గానీ పట్టవు” అన్నారు మీరు. మొన్న ఆరు పట్టాడు కదా అని గస్ నసిగితే, “చుట్టూ ఎవడూ లేకపోతే మా ఎడ్నా కూడా పడుతుంది, ఆ మోకాలేసుకుని! వెనకాల అడుగుల చప్పుడు వినబడనీ, అప్పుడు చూడు. చెయ్యి చాపకముందే వీడి ప్రాణం ఇంటికెళ్ళి తలుపేసుకుంటుంది” అన్నారు. బల్ల అదిరేలా నవ్వారు.

అప్పుడు నేను, ఆ బాలుడిలో అపారమైన సామర్థ్యం నిగూఢంగా ఉన్నదని అన్నాను. “నిగూఢమా!” అని మీరు వంటింటి వైపు తిరిగి, “డోటీ, మన ప్రొఫెసర్‌కి ఓ ప్లేటు నిగూఢం పట్రామ్మా, వేడివేడిగా, పైన సిరప్ పోసి!” అని కేకేశారు. డోటీ కూడా నవ్వింది. నేను నా గుడ్లు నేను తిన్నాను. ఆ తరువాత ఆ కుర్రవాడి గురించి బల్ల దగ్గర నోరు విప్పలేదు.

మీరు మాత్రం ఆపలేదు. ఆదివారం సాయంత్రం రేడియోలో శ్రోతలు మాట్లాడే కార్యక్రమానికి ఫోను చేసి మరీ, పేరు చెప్పుకుని మరీ, “ఆ ఓక్లీ పిల్లాడు పిరికిగొడ్డు” అన్నారు. ప్రతి ఆటకూ టిక్కెట్టుతో ఇచ్చే కరపత్రం వెనక అతను జారవిడిచిన బంతులన్నీ పెన్సిలుతో గుర్తుపెట్టుకున్నారు. ఏ నిమిషంలో, ఎటువైపు నుంచి వచ్చింది, ఎలా జారింది అన్నీ రాశారు. ఆరు ఆటలకు పదకొండు. కుడి భుజం మీదుగా వచ్చినవన్నీ పట్టాడు. జారిన పదకొండూ ఎడమ భుజం మీదుగా వచ్చినవే. ఆ మాట రాసింది మీ చెయ్యే. అయినా అదేమిటా అని మీరు ఒక్కసారైనా తల గోక్కోలేదు. మీకు కావలసింది లెక్క కాదు, సామెత.

అక్టోబరు పధ్నాలుగు, శుక్రవారం, విశ్వవిద్యాలయం తరఫున ఆటగాళ్ళను ఎంచే కెల్లెర్మన్ ఆట చూడడానికి వచ్చాడు. ఇలాంటివాళ్ళ పద్ధతి మీకు తెలియనిది కాదు. కోచ్ మాటను వాళ్ళు లెక్కచేయరు, ఎందుకంటే ఏ కోచ్ అయినా తన పిల్లల్ని పొగుడుతాడు. బస్సు నడిపేవాణ్ణి, బడి ఊడ్చేవాణ్ణి, ఊరి హోటల్లో కూర్చున్నవాణ్ణి అడుగుతారు. స్వభావం అక్కడ తెలుస్తుందని వాళ్ళ నమ్మకం. మర్నాడు ఉదయం కెల్లెర్మన్ డోటీ దగ్గర మీ పక్క బల్ల మీద తినడం ఊరంతా చూసింది. మీరు అతనికి ఉప్పు అందించడమూ చూసింది. రెండు వారాలకు అతను కోచ్‌కి ఫోను చేసి, ఆ అబ్బాయికి దెబ్బ అంటే భయమని ఊళ్ళోనే తెలిసిందనీ, క్షమించమనీ చెప్పాడు.

అక్టోబరు ఇరవై తొమ్మిదిన, బల్ల నిండుగా ఉండగా, నేను లేచి నిలబడి, ఆ పిల్లవాడి భవిష్యత్తును మింగింది మీ నోరేనని మీ ముఖం మీదే అన్నాను. మీరు పోట్లాడతారనుకున్నాను. మీరు కాఫీ కప్పు కింద పెట్టి, “అనే ఉంటానులే ఎమెట్. రోజూ అంటూనే ఉంటాను కదా, ఎవడితో అన్నానో ఎలా గుర్తుంటుంది?” అన్నారు. చేసిన తప్పు గుర్తుంచుకునే పాటి శ్రద్ధ కూడా లేనివారు! నేను టోపీ తీసుకుని వచ్చేశాను. ఆ బల్ల దగ్గరకు మళ్ళీ రాలేదు.

తరువాతి సంగతులు విన్నాను. లొరెట్టా ఓక్లీ పని బట్టలతోనే డోటీ దగ్గరకు వచ్చి, మీ ఎదుట నిలబడి, “మా వాడు మీకేం చేశాడండీ?” అని ఒక్క మాట అడిగి వెళ్ళిపోయిందట. డోటీ ఇప్పుడు మీకు కాఫీ రెండోసారి పొయ్యడం లేదట. మీ పోస్టు డబ్బాను ఎవరో కారుతో గుద్దేశారట. మిగతా అందరి డబ్బాలూ ముప్పై ఏళ్ళు నింపిన మనిషి డబ్బా.

మరి నిజం ఎలా బయటపడింది? పోయిన మంగళవారం జమారి కారు లైసెన్సు కోసం వెళ్ళాడు. కుడి కన్ను మూసుకుని గోడ మీది అక్షరాలు చదవమంటే, ఎడమ కన్నుతో మొదటి వరుస కూడా దాటలేకపోయాడు. ఏటా ఆటగాళ్ళను పరీక్షించే డాక్టరు రెండు కళ్ళూ తెరిపించే చదివించేవాడట. లోకమంతా అలాగే కనిపిస్తుందనుకున్నాడు ఆ కుర్రవాడు. గురువారానికి కంటిలో పెట్టుకునే అద్దం వచ్చింది. శుక్రవారం ఆటలో తొమ్మిది బంతులు పట్టాడు, నాలుగు ఎడమ భుజం మీదుగా. అందులో ఒకటి పడుతుండగా ఇద్దరు కలిసి నడుముల్లో గుద్దారు. బంతితో సహా లేచాడు.

శనివారం క్షవరానికి వెళితే గస్ నా మెడకు సబ్బు రాస్తూ, “మనం ముందే అనుకున్నాం కదా ప్రొఫెసర్, వాడు పైకొస్తాడని!” అన్నాడు. మనం! కత్తి అతని చేతిలో ఉండబట్టి ఊరుకున్నాను.

ఇక మీ పని. నేను శనివారం మధ్యాహ్నం కెల్లెర్మన్‌కు ఫోను చేశాను. ఆ స్థానం ఇంకా ఎవరికీ ఇవ్వలేదు. వచ్చే శుక్రవారం మన ప్లేఆఫ్ ఆట ఉంది కానీ, అతను మరో ఊరి ఆటకు వెళ్ళబోతున్నాడు. “పొగిడేవాళ్ళు నాకక్కర్లేదండీ, ప్రతి ఊళ్ళోనూ చవగ్గా దొరుకుతారు. బాగా తిట్టినవాడెవడైనా ఆ తిట్టు వెనక్కి తీసుకుంటానంటే చెప్పండి, వస్తాను” అన్నాడు. ఈ జిల్లాలో మీకంటె ప్రసిద్ధంగా తిట్టినవారు లేరు. జీవితంలో మొదటిసారి మీ నోటికి ఒక విలువ ఏర్పడింది. మీరు ఒక ఉత్తరం రాసి, పదకొండు గుర్తులున్న ఆ కరపత్రాలు జతచేసి, గురువారానికి అతనికి అందేలా రేపు ఉదయపు టపాలో వేయాలి. చిరునామా రాసి తపాలా బిళ్ళ అంటించిన కవరు ఇందులో పెట్టాను; ఇది ఈ రాత్రే మీ తలుపు కింద నుంచి తోస్తాను. ఏ ఉత్తరం ఎప్పటికి చేరుతుందో మీకు నేను చెప్పనక్కర్లేదు.

ఇట్లు,
ఒకప్పుడు మీతో ఒకే బల్ల మీద తిన్న,
ఎమెట్ డుబ్రావా
(హైస్కూలు మైదానం అంచున నిలబడి, బంతి ఎంత ముందుకు సాగిందో కొలిచే పది గజాల గొలుసు పట్టేవాడు)

తా. క. వెర్న్, పైదంతా శుద్ధప్రతి రాసి, మడిచి, కవరు అంటించాను. అరగంట తరువాత చించి తీశాను.

కెల్లెర్మన్ అడిగింది నిన్ను కాదు. నన్ను.

ఆ పధ్నాలుగో తేదీ ఆట అయ్యాక గొలుసు చుట్టుకుంటుంటే నా దగ్గరికి వచ్చాడు. టై కట్టుకున్న మనిషి, నన్ను ‘సర్’ అన్నాడు. “మీరు ఆటకు రెండు గజాల దూరంలో నిలబడతారు కదా సర్, ఆ ఓక్లీ అబ్బాయి ఎలాంటివాడంటారు?” అన్నాడు. నేను నమ్మింది చెప్పవలసింది. కానీ ఆ మాట చెప్పిన రోజు మీరంతా నవ్వారు. ఇంకోసారి నవ్వించుకోలేను. అందుకని నీ మాటనే తీసుకుని, ఇస్త్రీ చేసి, నా మాటగా చెప్పాను: దెబ్బ తగులుతుందన్న సందేహం కలిగినప్పుడు ఆ బాలుడిలో ధైర్యం సన్నగిల్లుట నేను స్వయంగా గమనించితిని, అని. గమనించలేదు. రెండు గజాల్లో ఉండి అతని కన్ను కూడా గమనించలేదు. నువ్వు ఆ తెడ్ల సంగతి చెప్పి ఉంటే అతను నవ్వి మరిచిపోయేవాడు. నాది జేబులో పుస్తకం తీసి రాసుకున్నాడు. రాసుకుంటుంటే నాకు సంతోషం కలిగింది. అది కూడా రాయాలి కనుక రాస్తున్నాను.

నువ్వే అన్నావని పదిమందిలో నేను అన్నప్పుడు నువ్వు కాదనలేదు. అన్నావేమోనని నీకే అనుమానం వచ్చింది. ఆ అనుమానం చూసి కూడా నేను టోపీ తీసుకుని వచ్చేశాను.

శనివారం ఫోనులో కెల్లెర్మన్ దగ్గర నా అబద్ధం ఒప్పుకున్నాను. “చెప్పిందీ మీరొక్కరే, మార్చిందీ మీరొక్కరే. ఇప్పుడు మీ మాట నేనెలా నమ్మను?” అన్నాడు. అందుకే నువ్వు రాయాలి. నా కోసం కాదు. నామీద కోపంతో రాసినా సరే, రాయి.

ఈ ఉత్తరం నీ దగ్గర ఉంచుకోకు. ముందు లొరెట్టాకు ఇవ్వు. పిల్లలు వరుసలో ఉండగా ఇవ్వకు. ఒంటిగంట తరువాత, పళ్ళేలు కడిగేశాక, భోజనశాల వెనక తలుపు దగ్గరకు వెళ్ళు. జమారి చదవాలో వద్దో ఆమె ఇష్టం. ఆ తరువాత గస్‌కి ఇవ్వు. కుర్చీలో కూర్చున్న ప్రతివాడికీ మొదటి నుంచి చివరిదాకా చదివి వినిపించమను. శనివారం తొమ్మిదింటికి, జుట్టు పెరగకపోయినా, నేను వెళ్ళి వాళ్ళ మధ్య కూర్చుంటాను.