నా ఆటలో పడ్డ మీ మాట

ఏలూరు,
జూన్ 2007.

బావగారికి,

వందనాలు చెప్పే మనసు లేదు, నేరుగా విషయానికి వస్తున్నాను.

నెట్‌లో మనం ఆడుతున్న చదరంగంలో మీరు ఏ కాయ కదిపినా నా తర్వాతి ఎత్తుతో ఆటకట్టు. అది తెలిసినప్పటి నుంచి మీరు కదపడం మానేశారు. ఎత్తుకిచ్చిన రోజుల గడువు అయిపోవస్తే ఆ సైట్‌లోనే సెలవు పెట్టి పొడిగించుకుంటున్నారు. అడిగితే, "చేపల చెరువుల పట్టుబడి కదరా, మేత కొట్లో ఊపిరాడ్డం లేదు" అన్నారు ఫోన్లో. నమ్మాను.

నిన్న మీ సందేశం వచ్చింది. ఒకేసారి అరవై ఆటలు తెరిచిపెట్టుకుని, ఏది ఎవరిదో తెలియక, ఇంకెవరికో రాయాల్సింది నా ఆటలో రాసేశారు. "ఓడిపోయే ఆట నేను కదపనండీ. అవతలివాళ్లే విసుగెత్తి వదిలేస్తారు. మా ఆవిడ ఉద్యోగం సంగతీ అంతేనండీ."

సెలవులకని మా ఇంటికొచ్చిన అక్కకి అది చదివి వినిపించాను. ఇక్కడి స్కూల్లో టీచరు పోస్టుకి పిలుపొచ్చిన దగ్గర్నుంచి, చేరమంటారా వద్దంటారా అని అడిగినప్పుడల్లా "చూద్దాంలే జ్యోత్స్నా" అన్నారట. పాపం, మీకు తీరిక లేదనుకుంది.

విని ఏడవలేదండీ. "రేపే చేరతాన్రా" అంది. ఈ ఉదయం చేరింది.

నా ఆట మీరు ఎన్నాళ్లు ఆపుకుంటారో ఆపుకోండి. ఆదివారం ఆరాధన అవగానే వ్యాను తీసుకుని కైకలూరు వస్తాను. అక్క బీరువా వరండాలో పెట్టించి ఉంచండి.

ఇట్లు,
మీ బావమరిది