నానమ్మకు బదులు ఉపవాసం

పూజ్యులైన ఫాదర్ గారికి,

మన గుడి పాటల బృందం శ్రుతి తప్పడానికి ఏకైక కారణమైన డిగ్రీ విద్యార్థి వినయంగా రాసుకునేది.

వచ్చే బుధవారం మన నలభై రోజుల తపస్కాలం మొదలవుతుంది. షుగరున్న మా నానమ్మ ఈసారి కూడా పస్తుంటానంటోంది. నిరుడు ఆ మొదటి రోజే పస్తుండి, మీ చేత నుదుటన బూడిద పెట్టించుకుని, గుడి మెట్ల మీదే కళ్ళు తిరిగి పడిపోయింది. డాక్టరు వద్దంటే, "ఆయన మందులిచ్చేవాడా, మోక్షమిచ్చేవాడా?" అంది.

"నీ బదులు నేనుంటాలే" అన్నాను.

"నువ్వా? పూజ అయ్యేదాకా ఆగదు నీ కడుపు" అని నవ్వి, చివరికి ఒప్పుకుంది.

నిన్న రిహార్సల్ వేశాం. మధ్యాహ్నం నేను కంచం ముట్టలేదు. ఆవిడా ముట్టలేదు. "ఎదురుగా నువ్వు కడుపు మాడ్చుకుంటుంటే నాకు ముద్దెలా దిగుతుందిరా?" అంది.

అందుకే నిశ్చయించుకున్నాను. తపస్కాలమంతా మధ్యాహ్నాలు గుడిలోనే కూర్చుంటాను. తలుపు తీసి ఉంచండి. ఆవిడను తినమని మీరు గట్టిగా చెప్పండి, మీ మాట కాదనదు. నాకు ప్రార్థన అంతగా రాదు. వచ్చినంతవరకు ఆవిడ కోసం చేస్తాను. ఆకలికి తాళలేక మధ్యలో లేచి ఇంటిదారి పడితే, ఆవిడ భోజనం అయ్యేదాకా నన్ను వదలకండి.

ఇట్లు,
ఆవిడ ఒక్కగానొక్క మనవడు