నల్లమట్టిలో పచ్చ రెక్క

18-4-2004, ఆదివారం

బావిలో నల్లమట్టి పడింది. పదకొండు గజాల లోతున. మూడేళ్ల కరువుకు అడుగంటిన బావి. నా బామ్మర్ది కుర్మయ్య, అతని జట్టు నాలుగు రోజులుగా లోతు చేస్తున్నారు. మొరం కంకర అయిపోతే రాయి తగులుతుందనుకున్నాం. రాయి కాదు — జానెడు మందాన నల్లని జిగట మట్టి. చెరువు అడుగు వాసన.

అందులో ఒక పచ్చని పెచ్చు. గోరంత. ఎండలో పట్టుకుంటే ఏం మెరుపు!

"గాజు పెంకు లే బావా, పారెయ్" అన్నాడు కుర్మయ్య.

గాజు కాదు. వంచితే వంగింది. చిన్నప్పుడు దారం కట్టి ఎగరేసిన బంగారు పురుగు రెక్క అచ్చం ఇట్లాగే ఉండేది. పదకొండు గజాల కింద పురుగు రెక్కకు ఏం పని?

నా బిడ్డ విజయకు చెప్పాలి. ఆమె హైదరాబాదులో చదివేదే ఇది... పాత మట్టిలో పురుగులు. ఊరంతా నవ్విన చదువు. ఆ పురుగు నా బావిలోనే దొరికింది! పెచ్చును ఈ పేజీలో పెట్టి మూస్తున్నాను.

19-4

పొద్దున తెరిచి చూస్తే పెచ్చు ముడుచుకుపోయింది. రంగు లేదు. పొగాకు తుంపులాగా ఉంది. నా వేళ్ల చెమట తగిలిందేమో.

21-4, బుధవారం

పాన్‌గల్ పోయి ఫోన్ చేశాను. "బావిల పచ్చ పురుగు రెక్క దొరికింది బిడ్డా" అంటే అటునుంచి ఒక్క కేక. ఫోను చెవికి దూరం పెట్టాను. తర్వాత — "నాయినా, పని ఆపుండ్రి. ఆ మట్టి జోలికి ఎవ్వరు పోవద్దు. నేను వస్తున్న."

ఫోన్ పెట్టేశాక ఎస్టీడీ డబ్బా అతనికి కూడా చెప్పాను, నా బిడ్డ వస్తుందని. అతనికెందుకో!

25-4, ఆదివారం

విజయ వచ్చింది. మంచినీళ్లయినా తాగలేదు. చెంగు దోపి మెట్ల మీంచి సగం, తాడు పట్టుకొని సగం — దిగిపోయింది. ఇరవై ఎనిమిదేళ్ల పిల్ల. గట్టు మీద నా భార్య బాలమ్మ గుండె పట్టుకుంది. నాకు మాత్రం సంతోషంతో నవ్వాగలేదు.

కిందనుంచి కేక — "నాయినా! మస్తున్నయి!"

సాయంత్రం అరుగు మీద కూర్చొని చెప్పింది. పురుగుకు నాలుగు రెక్కలు. పైన రెండు గట్టివి, పెట్టె మూతల్లాంటివి. ఒళ్లు కుళ్లినా మూతలు నిలుస్తాయి. మన బావి ఉన్నచోట ఎప్పుడో ఒక మడుగు ఉండేదట. అందులో పడ్డవి పడ్డట్టే అడుగున పేరుకున్నాయి. నీటి పురుగులున్నాయి. పెండ పురుగులు కూడా ఉన్నాయి, అంటే నీళ్లకు పశువులో, జింకలో వచ్చేవి.

"ఎన్నేండ్ల కింద?" అన్నాను.

"లెక్క తేలాలె నాయినా. వేలల్ల ఉంటది."

కుర్మయ్య బీడీ ఆర్పి అందుకున్నాడు. "అయితే కోడలా, పద్దెనిమిదేండ్లు సదివి సదివి పెండ పురుగు కాడికొచ్చినవ్. మా దొడ్డికొస్తే తట్టెడిస్తుంటిని గద!"

"నీ దొడ్డివి నిన్నటివి మామా. నాకు నీ ముత్తాత ముత్తాత చూసినవి గావాలె."

అందరం నవ్వాం. నేనే ఎక్కువసేపు.

26-4

పొద్దున పని. పొరలోంచి ఏడు గడ్డలు కోసింది. ఒక్కోటి ఇటుకంత. తడి గోనె, దాని మీద ప్లాస్టిక్ కవరు, చీటీ మీద నంబరు. హాస్టల్ గది పొయ్యిలాగా ఉంటుందట, ల్యాబుకు ఎండాకాలం తాళమట. మన లోపలి అర్ర చల్లగా ఉంటుందని అక్కడే పెట్టింది. తొమ్మిదో తారీఖు జల్లెడలు పట్టుకొని వస్తుంది.

పోతూ పోతూ అసలు సంగతి చెప్పింది. వాళ్ల సారు నమ్మడం లేదట. ఎండలు కాసే మన నేలలో ఇంత సున్నితమైన రెక్క నిలవదు, వేరే పని చూసుకో అంటున్నాడట. జూన్ పదో తారీఖు లోపల ఒక్కటైనా చెడకుండా ఉన్న రెక్క చూపించాలి. లేదంటే ఆమె మూడేళ్ల పని అక్కడికి ఆఖరు.

బస్సు ఎక్కుతూ — "జర పైలం నాయినా. బూజు పట్టనియ్యకు."

నేనుండగా బూజా!

2-5, ఆదివారం

మూట విప్పి చూశాను. బూజు! మూడో నంబరు గడ్డ మీద తెల్లగా, దూదిలాగా.

కానీ ఇది నాకు తెలియని పనా? కందులు, పల్లీలు, చింతపండు, ఆముదం విత్తనం — ఈ ఇంట్లో ఏది దాచినా ఎండబెట్టే దాచాం. ఎండ తగలని గింజను నమ్మొద్దని మా నాయిన అనేవాడు.

మిద్దె మీద తెల్ల దుప్పటి పరిచాను. లోపలి దాకా ఎండాలని గడ్డలు చేత్తో మెత్తగా చిదిపాను. ఏడు నంబర్లు ఏడు కుప్పలు, కలవనివ్వలేదు. కోళ్లు రాకుండా బాలమ్మ కర్ర పట్టుకొని కూర్చుంది.

5-5

మూడు ఎండలు పూర్తి. మట్టి గలగలమంటోంది. ఏడు కొత్త ముంతలు. అడుగున వేపాకు, మధ్య మట్టి, పైన బూడిద. మూతికి పెండ, మట్టి కలిపి మెత్తాను. చీటీలు అంటించాను. పురుగును పురుగు పట్టకుండా దాచడం... బాలమ్మ నవ్వింది. చూడగానే బిడ్డ ఏమంటుందో! ఇంకా నాలుగు రోజులు ఎట్లా ఆగాలి?

9-5

ఎండబెట్టకూడదట.

10-5, సోమవారం

నిన్న రాయలేకపోయాను.

విజయ అర్రలోకి పోయింది. మూటలు లేవు. "ఏవి నాయినా?" అంది. నేను పెళ్లి సామాను చూపించినట్టు ముంతలు చూపించాను. ఒకటి పగలగొట్టింది. బూడిద తీసింది. దోసిట్లో పోసుకుంది. అన్నీ ముడుచుకున్న నల్ల తునకలు, పట్టుకుంటే పొడి.

"ఎండబెట్టినవా నాయినా..."

అట్లాగే కింద కూర్చుంది. నేను నిలబడే ఉన్నాను. దోసిట్లోది కొంగులో పోసుకుంటూ అంది — "తడి ఆరొద్దని నేను చెప్పలే. తప్పు నాది."

తిట్టి ఉంటే బాగుండేది.

ఇన్ని వేల ఏండ్లు నీళ్లలో, గాలి తగలకుండా ఉండబట్టే నిలిచాయట. ఆరితే ఒక్క పూట చాలట. ఏప్రిల్ 19 పేజీ తిప్పి చూశాను. ముడుచుకుపోయింది, రంగు లేదు — నా చేత్తో నేనే రాశాను. రాసి, వేళ్ల చెమట మీద నెట్టాను.

ఇద్దరం మళ్లీ బావి చూశాం. గాలికి పొర ముఖం బీటలు వారింది. చెయ్యి పొడుగు లోపలికి తవ్వితే మంచి మట్టి ఉంటుందంటుంది. కానీ పైన మొరం కూలుతుంది, కింద గుంజలు పెట్టాలి. కుర్మయ్య జట్టు గద్వాల దిక్కు వేరే బావికి పోయింది, నెలాఖరుకు గాని రారు. విజయకు పరీక్షల డ్యూటీ. జూన్ ఐదున వస్తానంది.

అప్పటిదాకా బావి ఎండి ఉండాలి.

25-5, మంగళవారం

రోహిణి కార్తె వచ్చింది. ఊరంతా మొగులు దిక్కు చూస్తోంది. నేనూ చూస్తున్నాను. వాళ్లు చూసేది వేరు.

28-5

పొద్దున దీపం దగ్గర బాలమ్మ విన్నది. "ఏమయ్యా, వాన జర ఆగాలని మొక్కుతున్నవా? మూడేండ్ల సంది దాని కోసమే మొక్కితివి గద! ఊరోళ్లు వింటే ఊకుంటరా?"

ఐదో తారీఖు దాకానే అన్నాను.

"దేవుడు నీ తారీఖులు చూస్తడా?"

విత్తనాల మూట ముందే ఉంది, కట్టు విప్పలేదు.

31-5, సోమవారం

కుర్మయ్య వచ్చాడు. వెనకే మేఘం వచ్చింది. పడమర దిక్కంతా నల్లగా, మా బావి మట్టిలాగే.

"బావా, రెండు దినాల్ల కొడ్తది. నీ పురుగులకు ఈత నేర్పు!"

జోకు బాగుంది. నవ్వలేకపోయాను. ఐదో తారీఖు దాకా ఆగేట్టు లేదు.

1-6

పాన్‌గల్ పోయి విజయకు ఫోన్. నేనే దిగి తీస్తానన్నాను. "నువ్వా నాయినా?" అని ఆగింది. ఎందుకు ఆగిందో నాకు తెలుసు. అరవై ఎనిమిదేళ్ల వయసొక్కటే కాదు కారణం.

చెప్పు బిడ్డా, నువ్వు చెప్పిందే చేస్తా, ఒక్క అక్షరం నాది కలపను అన్నాను. చెప్పింది. రాసుకున్నాను.

ఆరనియ్యకు. చిదపకు. కడగకు. గడ్డ గడ్డగా కోసి అక్కడి నీళ్లలోనే ముంచి, మూత బిగించు.

"తిరిగి చెప్పు నాయినా" అంది. బడి పిల్లవాడిలాగా అప్పజెప్పాను. ఏడో తరగతి తర్వాత ఇదే. మూడో తారీఖు వనపర్తి బస్టాండుకు వచ్చి తీసుకుంటానంది.

2-6, బుధవారం

దిగాను. నడుముకు తాడు, పైన కుర్మయ్య. అతని జట్టులో ఒకడు గుంజలు పెట్టాడు. పక్కకు పడుకొని, చెయ్యి పొడుగు లోపలికి కొడవలితో కోశాను. చీకటి మట్టి, చల్లగా... నిన్న మొన్న తడిసినట్టే ఉంది. ఒకచోట పచ్చగా తళుక్కుమంది. ముట్టుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

రెండు గడ్డలు. మూడోది కోస్తుంటే పైనుంచి మొరం రాలింది. "బావా, సాలు! ఎక్కు! అక్కకు నేనేం జవాబు చెప్పాలె?" ఎక్కాను.

ఇత్తడి బిందె. అడుగున ఊరిన నీళ్లు పోసి, గడ్డలు ముంచి, మూతకు ప్లాస్టిక్ చుట్టి కట్టాను. గంటకోసారి పోయి చూస్తున్నాను. మట్టిని ఇంత కావలి కాసిన రైతు ఉండడు.

3-6

పొద్దున బస్సు. వనపర్తి దాకా బిందె ఒళ్లోనే.

"ఏంది పెద్దాయనా, చేపలా?" అన్నాడు కండక్టరు.

"పురుగులు."

"పురుగులా!" పక్క సీటు అమ్మ కాళ్లు పైకి ముడుచుకుంది.

"భయపడకమ్మా, సచ్చి వేల ఏండ్లయింది."

"గట్లయితే ఏడికి తీస్కపోతున్నవ్ తాతా, దినానికా?" వెనకనుంచి ఎవరో అన్నారు. బస్సంతా నవ్వు. నాకూ నవ్వొచ్చింది, బిందె కదలకుండా నవ్వాను.

విజయ హైదరాబాదు నుంచి వనపర్తి బస్టాండుకు వచ్చి నిలబడి ఉంది. మూత తీసి చూసింది. నా ముఖం చూసింది. మా నాయిన అనలేదు, శభాష్ అనలేదు. చెంగుతో నా చెంప మీది మట్టి తుడిచింది, నిన్నటిది, స్నానంలో కూడా పోలేదు. తిరుగు బస్సు ఎక్కింది. కిటికీలోంచి బిందె అంచు కనిపించేదాకా చూశాను.

5-6, శనివారం

వాన.

6-6

వాన. మిద్దె కారుతోంది. కారనీ!

7-6

తెరపి. బావిలో నీళ్లు మొరం దాకా లేచాయి. నల్లపొర మునిగింది. మూడు రోజులు ఆలస్యమైతే అంతే సంగతి. కంది విత్తనం వేశాం. మూడేళ్ల తర్వాత బురద కాళ్లు. బాలమ్మ పాట పాడుతోంది.

హైదరాబాదు నుంచి ఏమీ తెలియలేదు.

10-6

గడువు ఇవ్వాళ. అన్నం సయించలేదు.

11-6, శుక్రవారం

పాన్‌గల్ ఎస్టీడీ దుకాణానికి ఫోన్ వచ్చిందని కబురు. చెప్పులు లేకుండా పోయాను.

"నాయినా, ఒకటుంది."

"ఒకటంటే?"

"ఒక్క పెండ పురుగు. రెండు మూతలు ఒకదాన్నొకటి పట్టుకొనే ఉన్నయి. పచ్చగ. మొన్న వాలినట్టే ఉంది నాయినా!"

సారు అరగంట కన్ను ఎత్తకుండా చూశాడట. "ఎవరు తీసిన్రు?" అన్నాడట. "మా నాయిన" అందట. ఎంత శుభ్రంగా కోశాడన్నాడట. ఏడు గడ్డలు చిదిపిన సంగతి చెప్పలేదు నా తల్లి.

ఒక్కటి చాలదట. మరో ఏడాది గడువు ఇచ్చాడు. వచ్చే ఎండాకాలం పొరంతా కోయాలి, సారే స్వయంగా వస్తాడట.

దుకాణంలో ఏమి అరిచానో నాకే తెలియదు. బెల్లం కొని వాడంతా పంచాను. ఎందుకంటే పెండ పురుగు దొరికిందన్నాను. కుర్మయ్య రెండు ముక్కలు తీసుకున్నాడు. "పెండ పురుగుకు బెల్లం పంచిన మొగోడు జిల్లాల నువ్వొక్కడివే బావా." కావచ్చు! ఆ పేరూ నాదే!

16-6

కంది మొలిచింది. బావిలో ఇంకో గజం నీళ్లు. వచ్చే మే నెలలో పొర ఎట్లా కనబడుతుందని కుర్మయ్యను అడిగాను. మోటరుతో తోడేద్దామా?

"తోడి ఏడ పోస్తవ్? నిండు బావి నీళ్లు పారబోస్తే ఊరు ఊకుంటదా? బావి దానంతట అది ఎండాలె." బీడీ ముట్టించుకొని — "ఎండొద్దు గూడ."

20-6, ఆదివారం

ఏడో మెట్టు మునిగింది. మూడేళ్లకు బావి నిండిందని బాలమ్మ పసుపు, కుంకుమ, కొబ్బరికాయ తెచ్చింది. గంగమ్మకు నువ్వే కొట్టు, నీ చేత్తోనే నీళ్లు నిలిచాయంది.

"మొక్కి కొట్టు. ఎన్నడు ఎండొద్దని మొక్కు."

గట్టు మీద నిలబడ్డాను. నీళ్లు మెరుస్తున్నాయి. వాటి కింద మొరం, మొరం కింద నల్లపొర, పొరలో ఇంకెన్ని పచ్చ రెక్కలో... తడిగా, చీకట్లో, చెడకుండా. పక్కనే వేలెడు కంది మొలకలు.

"మొక్కినవా?" అంది వెనకనుంచి.

మొక్కుతున్నానన్నాను. మొక్కలేదు, కాయను ఈ చేతినుంచి ఆ చేతికి మార్చుకున్నాను.

రేపు కొడతానని చెప్పి ఇంటికి తెచ్చాను. కాయ ఈ డైరీ పక్కనే ఉంది. ఊపి చూశాను. లోపల నీళ్లు బాగానే ఉన్నాయి.