అన్నదానం రసీదులు పిల్ల పోషణ కింద చెల్లవని మనవి

పిల్లల పోషణ భత్యం వసూలు చూసే అధికారి గారి సముఖమునకు, సింగపూర్.

అయ్యా,

విషయం: నా కొడుకు చక్రధర్ తన కూతురి పోషణకు రుజువుగా దాఖలు చేసిన పద్నాలుగు గుడి రసీదులను తోసిపుచ్చుట గురించి.

అనకాపల్లి వాస్తవ్యుడను, ఆర్టీసీలో టికెట్లు తనిఖీ చేసి రిటైరైనవాడను, ప్రస్తుతం ఇక్కడి యూ టీ పేటలో సదరు కొడుకు ఫ్లాట్‌లో ఉంటున్న నూకరాజు అను నేను వ్రాసుకొను అర్జీ ఏమనగా:

1. నా కొడుకు, కోడలు ఆమని రెండేళ్ల క్రితం విడాకులు తీసుకొనిరి. తొమ్మిదేళ్ల మనుమరాలు రుచిత తల్లితో సెంగ్‌కాంగ్‌లో అద్దె గదిలో ఉన్నది. మొగుడూ పెళ్లాలు విడిపోయినా పిల్లను పోషించే బాధ్యత ఇద్దరికీ తప్పదని ఈ దేశపు చట్టం. కోర్టు ఆర్డరు కూడా కలదు. అయినను పద్నాలుగు నెలలుగా మావాడు ఒక్క డాలరు పంపలేదు. బ్యాంకులో పెద్ద ఉద్యోగం. వాడి సోఫా ఖరీదు చెబితే తమరు దానిమీద కూర్చోరు.

2. పిల్లకు స్కూలు ఫీజు, పుస్తకాలు, క్యాంటీన్‌లో భోజనం ప్రభుత్వ సాయం కింద జరుగుచున్నవి. అందుకు తమకు దండాలు. కానీ తండ్రి గుండ్రాయిలా ఉండగా సర్కారు పెట్టవలసి రావడమేమిటయ్యా? ఛీ.

3. వచ్చే నెల విచారణ. పిల్ల పేరిట నెలనెలా ఖర్చు పెడుతున్నానంటూ వాడు అన్నదానం రసీదులు జతపరిచినాడు. వాటిమీద దాతగా పిల్ల పేరు, గోత్రం, నక్షత్రం అన్నీ సరిగానే ఉన్నవి. తమరు నమ్ముదురేమోనని నా భయం. నమ్మితే ఆ పిల్ల నోటి కాడ కూడు పోయినట్టే.

4. మొన్న శనివారం నేను గుడిలో ఉండగా, చేతిలో డబ్బాడక మా కోడలు పిల్లను అన్నదానం వరసకు తీసుకువచ్చినది. గోడమీద బోర్డు: "నేటి అన్నదాత: చి. రుచిత". పేపరు ప్లేటు పట్టుకున్న పిల్ల అది చూసి, "తాతా, లుక్ లా, మై నేమ్! టుడే ఐయామ్ ద డోనర్ ఆ?" అని గంతులేసినది. వాళ్లమ్మ తల వంచుకుని, "ముందు తిను తల్లీ" అన్నది. పిల్ల పులిహోర రెండుసార్లు అడిగి పెట్టించుకున్నది. ఆకలి, అయ్యా. అన్నదాతకు ఆకలి! థూ. ఇది అర్జీలో రాయకూడని మాట. కొట్టివేయను.

5. ఇంటికి వచ్చి, "ఏట్రా ఇది? నీ కూతురు ఆ లైన్లో నిలబడి తిన్నాదిరా" అంటే సదరు చక్రధర్ చెప్పిన జవాబు: "మంచిదే కదా నాన్నా, వేస్ట్ అవలేదు. పుణ్యం కూడా దానికే."

కావున దానం వేరు, కన్నందుకు పెట్టడం వేరు అని తీర్మానించి, వాడి జీతంలోంచే నేరుగా కోయించి పిల్లకు ఇప్పించవలెను. సాక్షి కావలెనన్న నేనే వస్తాను. వాణ్ణి కన్నానన్న సిగ్గు తప్ప నాకు వేరే అభ్యంతరం లేదు. ఈ ముసలివాని మొర చిత్తగించవలెను.

తమ విధేయుడు,
నూకరాజు

తా.క.: ఇది రాస్తుండగా వాడు వచ్చి, "ఏం రాస్తున్నావ్ నాన్నా?" అన్నాడు. "నీ మీద అర్జీరా" అన్నాను. నవ్వి, "సర్లే, అన్నానికి లే, చల్లారిపోతుంది" అన్నాడు. "నా కంచం తీసేయ్. నీ కూతురికి పెట్టిననాడే నాకు పెట్టు" అన్నాను. అన్న మాట వెనక్కి తీసుకోను. అయ్యా, నాకు షుగరు. విచారణ కాస్త త్వరగా పెట్టించండి.