రెండు గుడ్ల విషయమై

అహ్లోన్, యాంగోన్
11 ఆగస్టు 2025

మా టౌన్‌షిప్ విద్యాధికారి వారి సముఖమునకు,

అయ్యా,

విషయం: నాలుగో తరగతి విద్యార్థిని పైలా రాధాకుమారి, బడి రిజిస్టరులో బర్మా పేరు మ తిరి, వయసు తొమ్మిదేళ్లు, పేరునకు ఎదురుగా రాయబడిన ‘దొంగతనం’ అను మాటను కొట్టివేసి, ఆమెను తిరిగి తరగతిలో కూర్చోనిచ్చుట గురించి.

ఈ క్రింద సంతకం చేసిన పైలా ఢిల్లేశ్వరరావు అను నేను, సదరు విద్యార్థిని తండ్రిని, తమకు వినయముతో తెలియజేసుకొనునది. ఈ అర్జీని ముందు తెలుగులో రాసి, మా అన్నయ్య కూతురు సత్యశ్రీ చేత బర్మా భాషలోకి మార్పించి, రెండు ప్రతులూ జతపరుస్తున్నాను. బర్మా భాష నాకు పుట్టినప్పటి నుంచీ వచ్చును. కాని తప్పు ఒప్పుకోవడానికి నాకు ఆ భాష చాలదు. అర్జీ రాయడం మా తాత అచ్చెన్న దగ్గర నేర్చినది. ఆయన రేవు కూలీలందరికీ అర్జీలు రాసి పెట్టేవాడు. సత్యశ్రీ జాలిపడి ఎక్కడైనా మెత్తబరిచి ఉంటే, తమరు తెలుగు ప్రతినే నమ్మవలెను.

1. ఈ నెల 6వ తేదీ బుధవారం మధ్యాహ్న భోజన విరామంలో, సదరు విద్యార్థిని తన తరగతికే చెందిన మ సు అను పాప టిఫిన్ క్యారియరు తీసుకొని, నీళ్ల డ్రమ్ముల వెనుక కూర్చుని, అందులోని తిండి తినుచుండగా క్లాసు టీచరు సయామా గారు పట్టుకొనిరి. అదే వారములో అంతకు ముందు రెండు పర్యాయములు కూడా తిన్నట్టు తేలినది. ఈ సంగతిని నేను కాదనడం లేదు.

2. అదే దినమున ప్రధానోపాధ్యాయిని గారు రిజిస్టరులో ‘దొంగతనం’ అని రాసి, తమ ఉత్తర్వు వచ్చేవరకు పిల్లను బడికి పంపవద్దనిరి. ఈ మాట రేపు టీసీలోకి ఎక్కుతుంది. ఎక్కిన తర్వాత ఏ బడీ దానిని గడప తొక్కనివ్వదు. అసలే మనసు నిలవని పిల్ల. ఏడాది బడికి దూరమైతే మళ్లీ పుస్తకం పట్టదని నాకు భయంగా ఉంది.

3. పిల్ల ఎందుకు తిన్నదని అక్కడ ఎవరూ అడగలేదు.

ఈ మూడో అంశం రాసి, మళ్లీ చదువుకున్నాను. ఆ ప్రశ్న అడగవలసిన మొదటి మనిషిని నేను. నేనూ అడగలేదు. కావున ఇక్కడి నుంచి ఫిర్యాదు బడి మీద కాదని, నా మీదనని గ్రహించవలెను.

4. మా రాధ నిలకడగా కూర్చోలేదు. పలక పట్టిన నాటి నుంచీ అంతే. ఒక లెక్క మొదలుపెట్టి సగంలో లేచి కిటికీ దగ్గరకు పోతుంది. పెన్సిలు రోజుకొకటి పోగొడుతుంది. మాట్లాడుతూ మాట్లాడుతూ ఏం చెబుతున్నదో మరిచి మన మొహం చూసి నవ్వుతుంది. తెలివి తక్కువది కాదు. రేవులోకి వచ్చే ఓడలను చూసి ఏది బియ్యం ఎక్కించుకుంటుందో, ఏది కర్ర ఎక్కించుకుంటుందో చెప్పగలదు. బడిలో మాత్రం మూడేళ్లుగా వెనక బెంచీ. గత జనవరిలో పిల్లల డాక్టరమ్మ దగ్గరకు తీసుకువెళ్లాము. ఆవిడ రెండుసార్లు చూసి, ఇది అల్లరి కాదు, శ్రద్ధకు సంబంధించిన ఇబ్బంది, ఉన్నదే, ఎందరో పిల్లలకు ఉన్నది అన్నారు. రక్తం పరీక్ష చేయించి, ఇనుము తక్కువగా ఉందని టానిక్కు రాశారు. పనిని చిన్న చిన్న ముక్కలు చేసి ఇవ్వమని, ముందు బెంచీలో కూర్చోబెట్టమని టీచరుకు ఉత్తరం రాశారు. తిండి సంగతి నేనే అడిగాను. రంగు మిఠాయిలు, సీసా పానీయాలు తగ్గిస్తే మంచిదే, కాని తిండి మార్చినందువల్ల కొద్దిమందికే, అదీ కొద్దిగానే తేడా వస్తుందని, ఏదైనా మానిపించాలనుకుంటే తనను అడిగి ఒక్కొక్కటే మానిపించమని, నెల తిరగగానే మళ్లీ రమ్మని చెప్పారు.

5. అన్ని మాటల్లో నా చెవిన పడినది తిండి ఒక్కటే. టీచరుకు రాసిన ఉత్తరాన్ని ఇవ్వడానికి సిగ్గుపడి నా సంచీలోనే ఉంచుకున్నాను. పిల్ల బుర్రలో ఏముందో నాకు కనబడదు. కంచంలో ఏముందో కనబడుతుంది.

6. నా ఉద్యోగం గురించి తమకు తెలియజేయాలి. పోర్టులో చల్లని కంటెయినర్ల దగ్గర పని చేస్తాను. రొయ్యలు, చేపలు నింపిన పెట్టెలకు ఎంత చలి ఉండాలో ముందే పెట్టి, తలుపు బిగించి, రెండు గంటలకోసారి అంకె చూసి పుస్తకంలో రాయాలి. అంకె మారితే ఏదో వేడి లోపలికి పోతున్నట్టు. ఎక్కడినుంచి పోతున్నదో వెదికి మూయాలి. పద్దెనిమిదేళ్లుగా ఈ పని చేస్తూ ఒక్క పెట్టె సరుకూ పాడు చేయలేదు. ఈ పని అలవాటుతోనే నా కూతురిని బాగుచేయబోయాను.

7. ఫోనులో నాలాంటి తల్లిదండ్రుల గుంపులు ఐదారు దొరికాయి. ఒకరు పంచదార మానిపించమన్నారు, మానిపించాను. ఒకరు గోధుమ, ఒకరు పాలు, ఒకరు వేరుశనగ, ఒకరు రొయ్య. తర్వాత గుడ్డు. ఆఖరుకు రాధ బడి డబ్బాలో తెల్లన్నం, ఉడకబెట్టిన ఆనపకాయ మిగిలాయి. అరటిపండు జూన్ వరకు ఉండేది. ‘లంఖణం పరమౌషధం’ అని పెద్దలన్నారు కదా అని నేను ఇంట్లో ఉపన్యాసం కూడా చెప్పాను. చేపనూనె మాత్రలు, జింకు మాత్రలు, ఇంకా పేరు పలకలేని మాత్రలు దొరికినచోటల్లా తెచ్చాను. చేపనూనె మాత్రలను రాధ మింగినట్టు నటించి పక్కింటి పిల్లికి వేసేదని ఈ మధ్యనే తెలిసింది. ఆ పిల్లి ఇప్పుడు కలుగు ముందు గంటల తరబడి కదలకుండా కూర్చుంటున్నది. మందు పనిచేయలేదని నేను ఎలా అనగలను?

8. ఇనుము టానిక్కు ఎర్రగా ఉంటుంది. రంగు మంచిది కాదని చదివి దాన్ని కూడా మానిపించాను. డాక్టరమ్మ ఇచ్చినది అదొక్కటే, మానిపించినదీ అదే. నెల తిరిగాక మళ్లీ వెళ్లలేదు. ఆవిడ కాదంటుందేమోనని నాకు లోలోపల తెలుసు. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెత నాకు చిన్నప్పటినుంచీ తెలిసి కూడా నేను చేసింది ఇది.

9. ఆరు నెలలు రిజిస్టరు పెట్టాను. ఏం తిన్నది, ఏ మాత్ర వేసుకున్నది, ఎన్ని నిమిషాలు కదలకుండా కూర్చున్నది. ఒక్క గడి ఖాళీ లేదు. నిమిషాలు ఒకరోజు పెరిగేవి, ఒకరోజు తగ్గేవి. తగ్గిన రోజున ఏం తప్పు తిన్నదో అని వెదికి ఇంకొకటి మానిపించేవాడిని. ఆకలి అనే గడి నేను పెట్టలేదు.

10. ఇంట్లో చెప్పినవాళ్లు లేకపోలేదు. మా అమ్మ దేముడమ్మ బెల్లంపాకం మరమరాల ఉండలు తలగడ కింద దాచి మనవరాలికి పెట్టేది. నేను పట్టుకున్నాను. అప్పుడు మా అమ్మ అన్న మాట తమకు ఉన్నదున్నట్టు రాస్తున్నాను. “ఏట్రా ఇది? పిల్లకి కూడెట్టకుండా సదువెట్టెస్తావేటి? బతికుంటే బలుసాకు తినొచ్చుర్రా, ముందు దాన్ని తిన్నీ.” నువ్వే దాని బతుకు పాడుచేస్తున్నావని నేను కన్నతల్లి మీద అరిచాను. ఆ రోజు నుంచి ఆవిడ నాతో మాట్లాడడం లేదు. నా భార్య వీరలక్ష్మి మాత్రం అడ్డు చెప్పలేదు. మీరు చదివారు కదా, మీకే తెలుసు అన్నది. ఆ నమ్మకం నాకు ఇప్పుడు తిట్టు కన్నా బరువుగా ఉంది.

11. బుధవారం నాడు ప్రధానోపాధ్యాయిని గారి గదిలో జరిగినది. నన్ను పోర్టు నుంచి పిలిపించారు. గోడవారగా రాధ నిలబడి ఉంది. పెదవి పక్కన పచ్చసొన అంటుకుని ఉంది. సయామా గారు జరిగినది చెప్పారు. డబ్బాలో ఆనపకాయ బజ్జీలు, అన్నం, రెండు ఉడికించిన గుడ్లు ఉన్నాయట. దొంగతనం అన్న మాట నేను విన్నాను గాని అది నాలోకి పోలేదు. గుడ్డు అన్న మాట పోయింది. గుడ్డు మానిపించి నలభై ఒక్క రోజులు. ఇక మళ్లీ మొదటి నుంచి లెక్క పెట్టాలి. నేను అక్కడే, ఇద్దరు టీచర్ల ముందు, సంచీలోంచి రిజిస్టరు తీసి, ఎన్ని తిన్నావని పిల్ల మీద గద్దించాను.

రాధ ఏడవలేదు. “రాసుకో నాన్నా,” అంది. “రెండు గుడ్లు.”

నేను రాశాను అయ్యా. తమ దగ్గర దాచను. కలం తీసి రెండు అని రాశాను.

అప్పుడు సయామా గారు నా వైపు చూసి, కోపం లేకుండానే, ఒక మాట చెప్పారు. తాను డ్రమ్ముల వెనక్కు వెళ్లి పేరు పెట్టి మూడుసార్లు పిలిస్తే పిల్ల తలెత్తలేదట. ఎక్కడ ఆకు రాలినా తల తిప్పే పిల్ల, అంత మనసు పెట్టి ఏ పనైనా చేయగా ఈ మూడేళ్లలో తాను చూడలేదట. నేను ఆరు నెలలు ఏది చూడాలని పథ్యం పెట్టానో, అది సయామా గారు చూశారు.

12. ఇంటికి వచ్చాక, ఆకలేస్తే మ సును అడగవచ్చు కదా, ఎందుకు తీసుకున్నావని అడిగాను. అడిగితే పెట్టే పిల్లేనట. దానికి రాధ చెప్పినది: “ఎవరేనా పెడితే తినొద్దన్నావు కదా. నాకెవలూ పెట్టలేదు నాన్నా.”

ఆ నియమం నాదే. ఎవరు ఏది పెట్టినా తినకూడదని నేను దాని చేత ఒట్టు వేయించుకున్నాను. ఆ ఒట్టు అది తప్పలేదు. తొమ్మిదేళ్ల పిల్ల మాట తప్పకుండా ఆకలి తీర్చుకునే దారి వెదుక్కుంటే, పెద్దలం దానికి దొంగతనం అని పేరు పెట్టాము.

13. మరునాడే డాక్టరమ్మ దగ్గరకు వెళ్లాము. జనవరి కన్నా మూడు కిలోలు తగ్గింది. ఇనుము ఇంకా పడిపోయింది. ఆవిడ నన్ను తిట్టలేదు. ఈ పిల్లకు శ్రద్ధ ఇబ్బంది ఒకటి ఉండగా మీరు ఆకలి ఇబ్బంది తెచ్చి కలిపారని మాత్రం అన్నారు. టానిక్కు మళ్లీ మొదలుపెట్టాము. పథ్యం ఎత్తేశాము.

కావున తమను వేడుకొనునది ఏమనగా: రాధాకుమారి పేరునకు ఎదురుగా ఉన్న ఆ మాటను కొట్టివేయించవలెను. రిజిస్టరులో ఒకసారి రాసినది కొట్టరాదని నిబంధన ఉన్న యెడల, ఆ పక్కనే ‘ఈ పిల్లను తండ్రి పస్తు పెట్టినాడు’ అని రాసి, నా పేరు, నా ఉద్యోగం, నా ఇంటి నంబరు చేర్చవలెను. దానికి సంతకం కావలసివస్తే ఎప్పుడు పిలిచినా వస్తాను. మ సు తల్లిగారిని కలిసి క్షమాపణ చెప్పుకున్నాము. తనకు ఏ ఫిర్యాదూ లేదని ఆవిడ రాసి ఇచ్చిన కాగితం, డాక్టరమ్మ జనవరిలో రాసిన ఉత్తరం, మొన్న రాసిన ఉత్తరం జతపరిచాను. మొదటి ఉత్తరం నలిగి ఉన్నది నా సంచీలో ఉన్నందువల్ల. పిల్లను వచ్చే సోమవారం నుంచి రానివ్వవలెనని, వీలైతే ముందు బెంచీలో కూర్చోబెట్టమని సయామా గారికి ఒక మాట చెప్పవలెనని ప్రార్థన.

ఇంత పొడుగు అర్జీ తమ సమయం తిన్నందుకు మన్నించి, దయతో చిత్తగించవలెను.

తమ విధేయుడు,
పైలా ఢిల్లేశ్వరరావు

తా.క.: సంతకం చేశాక దీన్ని రాధకు చదివి వినిపించాను. దాని గురించి రాసినది దానికి తెలియాలనిపించింది. రెండో అంశం దాకా విన్నది. తర్వాత వీధిలో ఏదో చప్పుడైతే లేచి వెళ్లిపోయింది. కావున తమకు అబద్ధం రాయలేను. తమరు దయతలచి రానిస్తే, వచ్చేది ఆ పాత పిల్లే. పెన్సిలు పోగొడుతుంది. లెక్క సగంలో వదిలేస్తుంది. సయామా గారు పిలిస్తే నాలుగోసారికి గాని పలకదు. బాగుపడిందని నేను రాసి ఇవ్వలేను, ఎప్పుడు బాగుపడుతుందో కూడా నాకు తెలియదు. ఆకలితో మాత్రం రాదు. నేను పూచీ పడగలిగినది అదొక్కటే.