పాత్రలో మిగిలింది

నంద్యాల, 1955 నవంబరు, ఆదివారం రాత్రి

ఇంటికొచ్చినా కోపం తగ్గలేదు. ఎవరి మీదో కూడా తెలియడం లేదు.

ఈ ఉదయం ఆళ్లగడ్డ దగ్గరి పల్లెలో, ఏసుప్రభువు గుడిలో, ప్రభు భోజనపు రొట్టె, ద్రాక్షారసం ఇచ్చాను. గుడి నిండుతుందనుకుని పాత్ర నిండా ద్రాక్షారసం పోసి ప్రార్థన చేశాను. తీరా చూస్తే సగం మంది శనక్కాయలు పీకడానికి పోయారు. ప్రార్థన చేసిన రసాన్ని పారబోయకూడదు, దాచకూడదు. మిగిలిందంతా పాదిరినైన నేనే తాగాల్సిందే. ముందు రాత్రి నుంచి ఉపవాసం. అందరూ చూస్తుండగానే తాగాను.

గుడి మెట్లు దిగుతుంటే కాలు తూలింది. పట్టుకున్నది ఎవరు? దేవదానం! పోయిన నెల అదే గుడిలో ప్రభు భోజనపు బల్ల ముందు నిలబెట్టి, ఇక సారా ముట్టనని నేను ప్రమాణం చేయించిన మనిషి.

“మెల్లగ అయ్యగారూ. ఉత్తకడుపున తాగితే ఇట్లే అయితాది,” అన్నాడు.

“ఇది తాగుడు కాదప్పా, ఆచారం,” అన్నాను. నాలుక తడబడింది.

“నేనూ మా ఇంటిదానికి ఏందో ఒకటి చెప్తాంటి లెండి.”

వెక్కిరించి ఉంటే కసిరేవాణ్ణి. వెక్కిరించలేదు, జాలిపడ్డాడు! బస్సు దాకా చెయ్యి వదల్లేదు. ఎక్కేటప్పుడు మొలలోంచి చిన్న పొట్లం తీసి నా చేతిలో పెట్టాడు.

“సోంపు. నమలండి. అమ్మగారికి వాసన తెలీదు.”

బస్సు కదిలాక గాని నాకు తట్టలేదు. తాగుడు మానేసినవాడి మొలలో ఇంకా సోంపు పొట్లం ఎందుకుంది?

అడగాలి. ఏ నోటితో అడగను?