జట్కాల వరుసలో మన ఎర్ర గుర్రం

అన్నయ్యకు సుభాని సలాములు. అమ్మకూ, వదినకూ కూడా. ఇక్కడ నేను బాగానే ఉన్నాను. రెండు పూటలా తింటున్నానని అమ్మకు గట్టిగా చెప్పు. ఆవిడ మోకాళ్ల నొప్పులు ఎలా ఉన్నాయో తప్పకుండా రాయి. మన ఎర్ర గుర్రం సంగతి రాయడానికి కార్డు చాలదని ఈసారి కవరు కొన్నాను.

తెనాలిలో రోజూ వానే. స్టేషను ముందంతా బురద. హోటల్లో సాంబారు ఒట్టి నీళ్లు. అమ్మ చేపల పులుసు గుర్తొచ్చి సగం తిని లేచిపోతున్నాను. ఈ ముక్క అమ్మకు చదివి వినిపించకు. మాట్లాడే మనిషి లేక గుర్రంతోనే కబుర్లు చెబుతున్నాను.

ఇక్కడ జట్కాలకు ఒక కట్టుబాటు ఉంది. బళ్లన్నీ వచ్చిన వరుసలో పక్కపక్కనే నిలబడాలి, ఎవరి వంతు వస్తే వాళ్లే కదలాలి. మనదేమో పక్కన ఇంకో గుర్రం మూతి కనబడితే చాలు, చెవులు వెనక్కి వాల్చి పళ్లు బయటపెడుతుంది. ఇప్పటికి రెండు గుర్రాల మెడలు కొరికింది. ఈ జట్కాల వరుసకంతా పెద్ద మస్తాన్ మామ. ఆయన నన్ను అందరికీ ఎడంగా చింతచెట్టు కింద నిలబెట్టాడు. అంత దూరం ఏ ప్రయాణికుడు వస్తాడు? "శుక్రవారం దాకా చూస్తానయ్యా. అప్పటికీ కుదురుగా నిలబడకపోతే రేపల్లె పోయి తోలుకో" అన్నాడు.

నిజం చెప్పనా అన్నయ్యా, అప్పుడు నీ మీదే కోపమొచ్చింది. నాన్న పోయాక సాధువైన ఆడగుర్రం నీకొచ్చింది, బాపట్లలో కొన్న ఈ కొరివిదయ్యం నాకొచ్చింది. నీకు ఇల్లు, వదిన, అమ్మ చేతి తిండి, వాటికి తోడు మంచి గుర్రం. కుళ్లుకున్నాను. రాస్తుంటే సిగ్గుగానే ఉంది, కానీ నీ దగ్గర దాచలేను.

ఇక్కడ నా ఈడువాడే వెంకటేశం అని ఒకడున్నాడు. వాడిది తెల్ల గుర్రం. ఆడవాళ్లు దాని నుదురు నిమిరి మరీ బండెక్కుతారు. కొలకలూరు దాకా పోయే దూరపు బేరాలన్నీ వాడికే తగులుతాయి. నా వంతు వచ్చేసరికి గొడుగు పట్టుకుని పక్క వీధికి పోయే ముసలాయన వస్తాడు. వెంకటేశం నవ్వితే నాకు ఒళ్లు మండేది.

గుర్రానికి చేయని వైద్యం లేదు. ఉలవలు తగ్గించాను, కళ్లకు వెడల్పాటి గంతలు కట్టాను, దర్గాకు తీసుకెళ్లి మెడలో తాయెత్తు కట్టించాను. తాయెత్తుతోనే వెళ్లి మూడో గుర్రాన్ని కొరికింది.

బుధవారం మస్తాన్ మామ నా బండెక్కి పక్కన కూర్చుని, వరుస ముందు నుంచి పోనివ్వమన్నాడు. ఆయన గుర్రం వంక చూడనే లేదు, నా చేతులే చూశాడు.

"ఏంటయ్యా ఆ గుంజుడు? ఇంకో బండి కనబడితే చాలు, పగ్గాలు లాగేస్తున్నావ్. దాని నోట్లో ఉంది ఇనుము. పక్క గుర్రాన్ని చూసినప్పుడల్లా నోరు నొస్తే దాని మీద పడదా?"

"కొరుకుద్దేమోనని భయమండి."

"కొరుకుద్దని భయమా, వాడికి బేరం దొరుకుద్దని ఏడుపా?"

మామ వెంకటేశాన్ని పిలిచి పగ్గాలు వాడికిమ్మన్నాడు. తల కొట్టేసినట్టయింది, అయినా ఇచ్చాను. వాడు పగ్గాలు వదులుగా పట్టుకుని, కూనిరాగం తీసుకుంటూ మూడుసార్లు అటూ ఇటూ తోలాడు. మొదటిసారి మన గుర్రం చెవులు వాల్చింది. మూడోసారికి అదీ లేదు. ఇన్నాళ్లూ కడిగి, తోమి, మేపింది నేను, మాట విన్నది వాడిది! వాణ్ణి మెచ్చుకోవాలో కొట్టాలో తెలియలేదు.

శుక్రవారం మామ నన్ను వెంకటేశం పక్కనే నిలబెట్టాడు. రైలొచ్చింది. పెట్టెలు, పరుపుచుట్టలతో ఓ పెద్ద కుటుంబం దిగి వాడి బండెక్కింది. నా పిడికిళ్లు వాటంతటవే బిగుసుకున్నాయి. గుర్రం చెవులు వెనక్కి వాలాయి. గబుక్కున పగ్గాలు ముందు పలక మీద వదిలేసి, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. కడుపులో మంట మాత్రం ఏమీ తగ్గలేదు. గుర్రం తెల్లదాని జూలు వాసన చూసి తల దించుకుంది. మామ దూరం నుంచే చెయ్యి ఊపి, "సుభానీ, ఇక నీ వంతు" అన్నాడు.

కాబట్టి నేను ఇక్కడే ఉంటున్నాను, బెంగపడవద్దు. వీలైతే వదిన చేత కాస్త ఎండుచేపలు, గోంగూర పచ్చడి పంపించు. పెద్దలందరికీ నా సలాములు, పిల్లలకు ముద్దులు. నమాజులో దువా చేయమని అమ్మతో చెప్పు. గుర్రానికి అక్కర్లేదు, అది బాగుపడింది. నాకోసం చేయమను.

ఇట్లు,
నీ తమ్ముడు
సుభాని